సముద్రం ఆగిన చోటు

నా చిన్నప్పుడు మా తెనాలిలో నీళ్ళన్నిటికీ యజమాని మా తాతయ్యేనని గట్టిగా నమ్మేదాన్ని. నమ్మడానికి తగిన ఆధారాలు కూడా ఉన్నాయి. ఆయన కాలవ లాకుల దగ్గర లస్కరు. ఇనుప చక్రం తిప్పి గేటు ఎత్తడం, దించడం, లాకు గోడ మీద రాసిన అంకెల్లో నీళ్ళు ఎందాకా ఉన్నాయో చూసి పైవాళ్ళకు చెప్పడం ఆయన పని. చుండూరు వైపు రైతులు సైకిళ్ళ మీద వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, నారుమళ్ళు ఎండిపోతున్నాయండి, కాస్త ఎత్తండి అని అడిగేవాళ్ళు. ఆయన చక్రం నాలుగు చుట్లు తిప్పితే మర్నాటికి వాళ్ళ పొలాల్లో నీళ్ళుండేవి. ఇది కళ్ళారా చూసిన పిల్లకు ఇంక వేరే రుజువు ఎందుకు?

ఏటా వేసవిలో కాలవలు కట్టేసే రోజున నన్ను లాకుల దగ్గరకు తీసుకెళ్ళేవాడు. గేటు పూర్తిగా దిగాక అవతలి వైపు నీటి చప్పుడు నెమ్మదిగా సన్నగిల్లి, చివరికి ఆగిపోయేది. వారం తిరిగేసరికి కాలవ అడుగున మేం తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం. లోకంలో నీళ్ళన్నీ ఇంతేననుకున్నాను. ఎండలు ముదిరితే ఎవరో ఒక తాతయ్య కట్టేస్తాడు, వానలప్పుడు మళ్ళీ వదులుతాడు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ నీళ్ళ దగ్గరకు వెళ్ళినా ముందు ఒక వేపపుల్ల విరిచి, సరిగ్గా నీటి అంచున గుచ్చి, పక్కన గొంతుకూచునేవాడు. పుల్ల తడుస్తుంటే నీరు పెరుగుతోందని, పుల్ల చుట్టూ బురద తేలితే తగ్గుతోందని లెక్క. ఆ కాసేపూ ఎవరు పలకరించినా పలికేవాడు కాదు. నేను కూడా నోరు మూసుకుని పక్కనే కూచునేదాన్ని. అంతసేపు నేను మాట్లాడకుండా ఉండే చోటు ఇంకొకటి లేదని మా అమ్మ అంటుండేది.

నేను పుట్టింది వైశాఖ పున్నమినాడు. మా ఇంట్లో పుట్టినరోజులు తిథుల ప్రకారమే చేసేవాళ్ళు. తలంటు, కొత్త గౌను, పాయసం, పెద్దవాళ్ళ కాళ్ళకు దణ్ణం, అంతటితో సరి. నాకు తొమ్మిదేళ్ళు నిండే ఏడు మాత్రం రేపల్లె నుంచి మా మామయ్యావాళ్ళు సెలవులకు వచ్చారు. పున్నమి స్నానమూ పిల్ల పుట్టినరోజూ కలిసొస్తాయి, అందరం సూర్యలంక వెళ్దామని పెద్దవాళ్ళు అనుకున్నారు. నేనప్పటిదాకా సముద్రం చూడలేదు. మామయ్య కూతురు, అంటే మా వదిన, నాకంటే రెండేళ్ళు పెద్దది. అది అప్పటికే రెండుసార్లు చూసింది. ఆ సంగతి నేను మర్చిపోకుండా రోజూ గుర్తుచేసేది.

ముందురోజు రైల్లో బాపట్ల చేరి సత్రంలో పడుకున్నాం. తెల్లారగట్లే అమ్మ నాకు తలంటి, కొత్త గౌను తొడిగింది. పసుపుపచ్చ గౌను, బుట్టచేతులు, నడుముకు వెనక ముడి. ఆ గుడ్డ తాతయ్య స్వయంగా చీరాల వెళ్ళి తెచ్చింది. గూడు బండిలో పులిహోర గిన్నె, పాయసం క్యారేజీ, తాటిముంజల బుట్ట, వాటి మధ్య మేమిద్దరం ఇరుక్కుని కూచున్నాం. సరుగుడు తోటలు దాటాక ఎడ్లు ఇసకలో నడవలేక ఆగాయి. దిగి, దిబ్బ ఎక్కి చూశాను.

ఆ క్షణం గురించి ఇప్పటికీ సరిగా చెప్పలేను. నీళ్ళకు అవతలి గట్టు ఉంటుందని మాత్రమే తెలిసిన పిల్లను నేను. అక్కడ గట్టు లేదు. ఎండలు మండే వైశాఖంలో, మా కాలవలన్నీ ఎండి పగుళ్ళిచ్చిన రోజుల్లో, ఇన్ని నీళ్ళు ఒక్కచోట కదులుతూ, అరుస్తూ ఉండటం చూసి నాకు భయమేసింది. ఆ భయంలోనే పక్కన ఉన్న మామయ్యను అడిగాను, దీన్ని కట్టేయడం మర్చిపోయారా అని.

అందరూ నవ్వారు. వదినైతే ఇసకలో కూలబడి నవ్వింది. నవ్వాపుకుని అంది, "సముద్రాన్ని ఎవరు కడతారే పిచ్చిదానా? మీ తాతయ్య కాలవ గేటు తిప్పేవాడే కదా. దీని ముందు ఆయనెంత?"

దానికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, పదకొండేళ్ళ పిల్ల. కానీ తాతయ్య ముంజల బుట్ట నెత్తిన పెట్టుకుని సరిగ్గా మా వెనకే వస్తున్నాడు. ఆయన విన్నాడు. తల వంచుకుని బుట్ట దించాడు. ఆ వంచిన తల చూసి నాకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. మా తాతయ్య దీన్ని కూడా ఆపుతాడు, చూస్తావా అనేశాను. ఆపకపోతే ఈ గౌను నాకిచ్చేయాలి అంది వదిన. ఆపితే ఇంకెప్పుడూ ఆయన్ని ఆ మాట అనకూడదని నేనన్నాను. గౌను దానికి భుజాల దగ్గరే పట్టదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

మాటైతే అనేశాను గానీ, వెంటనే అసలు చిక్కు తెలిసొచ్చింది. గౌను పోతే పోనీ. అందరి ముందు మా తాతయ్య ఓడిపోతాడు, ఓడించింది నేనే అవుతాను. ఆయన్ని పక్కకు పిలిచి, పుట్టినరోజుకు ఏం కావాలని పొద్దున అడిగావు కదా, ఇది కావాలి అని జరిగిందంతా చెప్పాను. నవ్వుతాడేమో అనుకున్నాను. ఆయన నవ్వలేదు. సరుగుడు పుల్ల ఒకటి విరిచి, కిందికి నడిచి, నీటి అంచున గుచ్చి గొంతుకూచున్నాడు. నేనూ కూచున్నాను. మూడో అలకే పుల్ల కొట్టుకుపోయింది. ఇంకొకటి గుచ్చాడు. అదీ పోయింది. "ఎక్కుతోందమ్మా," అన్నాడు మెల్లగా. ఆయన మొహంలో నేనెన్నడూ చూడనిదేదో కనిపించింది. తాతయ్య కూడా సముద్రాన్ని చూడటం అదే మొదటిసారని అప్పుడు అర్థమైంది. తడి వేళ్ళు కళ్ళకద్దుకుని లేచాడు.

లేచి, నాకేం చెప్పకుండా చేపలు పట్టే పల్లెవాళ్ళ గుడిసెల వైపు వెళ్ళాడు. అక్కడ ఒక ముసలావిడ ఇసకలో ఆరేసిన చేపల్ని తిరగేస్తోంది. తాతయ్య ఆవిడ ముందు నిలబడ్డాడు. భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. అలా నిలబడటం నేను చాలాసార్లు చూశాను. లాకుల దగ్గర ఆయన ముందు రైతులు అలాగే నిలబడేవాళ్ళు. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని లేచి, సముద్రం వైపు ఒకసారి చూసి, నాలుగడుగులు అటూ ఇటూ నడిచి, మడమతో ఇసకలో ఒక గుంట చేసింది. మంచినీళ్ళ బావి ఎక్కడుందో అడుగుతున్నాడని అనుకున్నాను.

తిరిగొచ్చి, పంచె పైకి కట్టి, చేతికర్రతో ఆ గుంట మీదుగా ఇసకలో పొడుగ్గా ఒక గీత గీశాడు. అప్పటికి నీళ్ళు ఆ గీతకు ఇరవై అడుగుల కింద ఉన్నాయి. గీతకు ఇవతల, సముద్రానికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుని నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. వదినను పిలిచి, "అమ్మాయ్, ఇది దాటి రాదు, చూడు," అన్నాడు. వదిన మా వెనక నిలబడింది.

సముద్రం రావడం మొదలుపెట్టింది. ఒక అల ముందుకొచ్చి వెళ్ళేది, తర్వాతిది దానికంటే జానెడు ముందుకొచ్చేది. మేం తిరిగిన అడుగులు చెరిపేసింది, ఎవరో ఇసకతో కట్టిన పిట్టగూడు మింగేసింది. పదడుగులైంది, ఐదైంది. చప్పుడు పక్కటెముకల్లో వినిపిస్తోంది. లేచి పారిపోదామంటే తాతయ్య కదలడంలేదు. ఒక పెద్ద అల లేచి విరిగి, తెల్లగా నురగలు కక్కుతూ మా మీదికే వస్తుంటే నేను కళ్ళు మూసుకుని ఆయన చూపుడువేలు పట్టుకున్నాను. తడి తగల్లేదు. కళ్ళు తెరిస్తే నురగ గీత అంచున బుసబుసమంటూ ఇసకలోకి ఇంకిపోతోంది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది. అంత పెద్ద సముద్రం, గట్టు కూడా లేని సముద్రం, మా తాతయ్య కర్రగీత ముందు వచ్చి ఆగడం నేను చూశాను. ఒకవైపు కొసన బెత్తెడు మేర గీత చెరిగింది. వదిన అది చూసింది గానీ లెక్కలోకి తీసుకోలేదు. కాసేపటికి అలలు వెనక్కి తగ్గాయి. వదిన ఎవరూ చెప్పకుండానే వచ్చి తాతయ్య కాళ్ళకు దణ్ణం పెట్టింది.

అక్కడితో ఆగి ఉంటే ఆ రోజుకు నేనే మహారాణిని. కానీ తాతయ్య లేచి, మా ఇద్దరి చేతులూ పట్టుకుని, ఆ ముసలావిడ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆపింది నేను కాదమ్మా, ఎక్కడ ఆగుతుందో ఈవిడ చెప్పింది, నేను గీత గీశానంతే అని వదిన ముందే చెప్పేశాడు. నా మొహం మాడిపోయింది. ఒక్క మాట మింగితే ఈయన సొమ్మేం పోయిందని ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. గౌను ముడి మీద చెయ్యి వేసుకుని ఏడవడానికి సిద్ధమయ్యాను.

ముసలావిడ మా ముగ్గుర్నీ చూసి నవ్వింది. "నిండు పున్నం కదయ్యా, నిన్న నీళ్ళు చెత్త పడేసిన కాడికి ఇంకో రెండడుగులు పైకొస్తది. నలభై ఏళ్ళనించి పడవలు ఏడ లాగి పెట్టాలో చూసేది నేనే," అంది. తర్వాత, ఇంతకీ తమరేం చేస్తారని అడిగింది.

"కాలవ లస్కరునక్కా. గేటు దించి నీళ్ళు ఆపుతుంటాను."

ఆవిడ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "ఆపుతావా? ఆగమంటే ఆగుతాయా?" అంది. ఆవిడ మొహంలో ఎగతాళి ఏమాత్రం లేదు. "ఇన్నేళ్ళొచ్చినాయి, ఆగే నీళ్ళని నేను చూళ్ళేదయ్యా."

ఆయన తడబడ్డాడు. పూర్తిగా ఆపనని, కాసేపు పక్కకు తిప్పుతానని, అది కూడా నీళ్ళు ఒప్పుకున్నంత మేరకేనని, పట్టుబట్టి ఆపితే గట్టు తెగుతుందని చెప్పాడు. ఆవిడ ప్రతి మాటకూ తలూపింది. ఆవిడ ఆయన్ని, ఆయన ఆవిడని ఒకేలాంటి కళ్ళతో చూసుకోవడం నేను చూశాను. నా కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఇంత సముద్రంతో పరిచయమున్న మనిషి మా తాతయ్యను చూసి అబ్బురపడింది. వదిన కూడా చూసింది. మర్నాడు పొద్దున కూడా గౌను ఊసెత్తలేదు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

పాయసం క్యారేజీ తెరవగానే తాతయ్య మొదటి గిన్నె నా చేతికిచ్చి, ముందు ఆవిడకు ఇచ్చి రమ్మన్నాడు. ఆవిడ చేపల చేతులు చీరకు తుడుచుకుని గిన్నె అందుకుని, నూరేళ్ళు బతకమని నా తల నిమిరింది. ఇంటికి వెళ్ళేదాకా నా జుట్టు ఎండుచేపల వాసన వేసింది. అమ్మ ఎంత విసుక్కున్నా కడగనివ్వలేదు.

తిరుగు బండిలో అడిగాను, ఎందుకు చెప్పేశావు తాతయ్యా అని. "అడగడానికి నిలబడితే ఎట్లా ఉంటదో ఇయ్యాల తెలిసిందమ్మా," అన్నాడు. నాకు అర్థం కాలేదు. వానాకాలం వచ్చి కాలవలు వదిలినప్పుడు లాకుల దగ్గరకు వెళ్ళి చూస్తే, చక్రం పక్కన చెట్టు నీడలో కొత్త బల్ల ఒకటి ఉంది. పాత గేటు చెక్కలతో తాతయ్యే కొట్టాడు. నీళ్ళు అడగడానికి వచ్చిన రైతుల్ని ముందు ఆ బల్ల మీద కూచోబెట్టి, తర్వాతే సంగతేంటని అడిగేవాడు. అప్పుడు అర్థమైంది.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. పిల్లలు ఏదైనా విని, మీకెలా తెలుసు టీచర్ అని నోరు తెరుచుకుని చూసినప్పుడల్లా, నాకు చెప్పినవాళ్ళు ఎవరో చెప్పకుండా ఆ రోజు పాఠం ముగించలేకపోయేదాన్ని. గొప్పతనంతో చేసింది కాదు. చెప్పకపోతే ఎండుచేపల వాసన వచ్చేది.

మొన్న వేసవిలో మా మనవరాలికి తొమ్మిదేళ్ళు నిండాయి. కార్లో సూర్యలంక వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులతో రేపల్లె నుంచి వదిన కూడా వచ్చి, ప్లాస్టిక్ కుర్చీలో కూచుంది. కేకు బల్ల ఎక్కడ వేయాలా అని మా అబ్బాయి ఫోన్లో చూశాడు. సముద్రం పోటు ఎన్నింటికో అందులో ఉంది గానీ ఎందాకా వస్తుందో లేదు. వదిన మనవరాలిని దగ్గరకు పిలిచి, "మీ బామ్మావాళ్ళ తాతయ్య ఇక్కడే సముద్రాన్ని ఆపాడే, నేను నిలబడి చూశాను," అని చెప్పింది. ఆపలేదని నేను యాభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను, వదిన ఒప్పుకోదు.

కొవ్వొత్తులు గాలికి నిలవలేదు. కేకు కోసి, మొదటి ముక్క కాగితప్పళ్ళెంలో పెట్టి మనవరాలి చేతికిచ్చాను. దాని రెండో చెయ్యి పట్టుకుని గుడిసెల వైపు నడిచాను. వదిన కూడా కుర్చీలోంచి లేచి, కుంటుకుంటూ వెనకే వచ్చింది. వల బాగుచేసుకుంటున్న ఒకావిడ ముందు పిల్ల పళ్ళెం పెట్టి, నేను నేర్పినట్టే అడిగింది, "మామ్మా, ఇవాళ నీళ్ళు ఎందాకా వస్తాయండి?"

ఆవిడ వల పక్కన పెట్టి సముద్రం వైపు చూసింది. ఆవిడ చెప్పేదాకా మేం ముగ్గురం నిలబడే ఉన్నాం.