పాత చీరతో చేసిన కుదురు

మా మనవరాలు మెట్టుగూడ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. మంచం పట్టిన రోగులకు వీపు పుండ్లు పడకుండా ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో వార్డు కోసం కొత్తగా రాసే పని ఆ పిల్ల మీద పడింది. ఒక ఆదివారం మా ఇంట్లో కాగితాలు పరుచుకుని కూర్చుంది. నేను పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నాలుగో తరగతితో బడి మానినదాన్ని, ఆ కాగితాల జోలికి పోలేదు.

"ప్రతి మాటకు ఎవరు చెప్పిన్రు, ఏం చూసి చెప్పిన్రు అని ఎంక్వయిరీ చెయ్యాలె అమ్మమ్మా."

"పెద్ద నర్సమ్మలు చెప్పింది సుత నమ్మవా? వాళ్ళకంటె తెలివైనదానివా ఏందే?"

"తెలివి కాదు. గిది చూడు" అంటూ వార్డులో ఏళ్ళుగా చేతులు మారిన నోటుబుక్కు తీసింది. పాత బట్టను కుండ కింది కుదురులా చుట్టి నడుము కింద పెడితే పుండు పడదని అందులో ఉంది. పెద్ద పుస్తకాల్లో మాత్రం వద్దని ఉందట. మధ్యలో బరువు పడకపోయినా, చుట్టూ అంచు ఒత్తుకుని అక్కడ రక్తం ఆడదట.

"మా సీనియర్లు ఒప్పుకుంటలేరు. మనకాడ పనిచేసిందంటరు. గిది రాసిన సిస్టర్ రిటైరై నేరేడ్‌మెట్ల ఉంటే, పోయి అడిగిన."

"ఏమన్నది?"

"ఒక్క మనిషిని చూసి రాసిందట! లాలాగూడ వర్క్‌షాపుల నడుముకు దెబ్బ తగిలిన ఒకాయన. నడుము కింద పెట్టే రబ్బరు రింగు కొనమంటే ఆయన భార్య కొనకుంట పాత చీరతోని కుదురు చేసి పెట్టిందట. ఇంటికి పోయేదాక ఒక్క పుండు లేదట."

నా చేతులు ఆగిపోయాయి. ఆ భార్య నేనే, ఈ పిల్ల పుట్టకముందటి సంగతి.

ఇంటికి తెచ్చుకున్న ఆరో రోజున ఆయనకు కుదురు అంచు పడ్డచోట తోలు ఊడివచ్చింది. మళ్ళీ వార్డుకు తీసుకుపోతే శుభ్రంగా చూసుకోలేదని తిడతారని, నేనే కడిగి మందు రాశాను. మానడానికి మూడు నెలలు పట్టింది. కన్నకూతురికి కూడా చూపించలేదు. ఆ సిస్టరు చూసింది ఆసుపత్రి గేటు దాకానే.

"ఎందరికి పెట్టిన్రే ఆ కుదురు?" అని అడిగాను.

"వచ్చినోళ్ళందరికీ."

చెప్పేశాను. పిల్ల నోటుబుక్కు కింద పెట్టేసింది. "ఇన్నేండ్లు చెప్పకపోతివేందే అమ్మమ్మా!"

"ఎవరడిగిన్రు?" అని కసిరాను గానీ, వెంటనే కాగితం తన ముందుకు జరిపాను. "రాసుకో. నా ఒక్కదాని మాటనే పట్టుకొని మళ్ళ ఆగం గాకున్రి, ఆ పెద్ద పుస్తకాల మాట సుత పక్కన రాయి."

మర్నాడు పొద్దున్నే తనతో ఆసుపత్రికి పోయి సీనియర్ల ముందు అదే చెప్పాను. వాళ్ళలో పెద్దావిడ నేరుగా కిటికీ పక్క మంచం దగ్గరికి నడిచింది. అందరూ కలిసి ఒక ముసలామెను మెల్లగా పక్కకు తిప్పారు. కింద బట్ట కుదురు ఉంది. ఆమె నడుము మీద దాని అంచు మేరకు ఎర్రగా కమిలి ఉంది.

"ఎవరు పెట్టిన్రమ్మా ఇది నాకు?" అని అడిగింది ముసలామె.

నేను ముందుకు వెళ్ళి దాన్ని లాగి తీసేశాను.