మాను తోక కాడ అమ్మ

పుట్టింటి నుంచి దూడగా తెచ్చుకుని అమ్మ పెంచిన ఆవును, ఆమెతో ఒక్క మాటైనా అనకుండా నాయన ఎవరికో ఇచ్చేసి, బదులుగా రెండు చక్రాలూ ఇరుసూ తెచ్చాడు. అరవైల మొదట్లో సంగతి. చిల్లకూరు చుట్టుపక్కల పొడుగాటి మాన్లు తోలడం ఆయన పని. పెద్ద మాను ఒక్క బండి మీద నిలవదు. మొదలు ఎద్దులబండి మీద, కొస ఈ విడి చక్రాల మీద వేసి కట్టాలి. చక్రాలు రాగానే నాయనకు చేతినిండా పని దొరికింది, అమ్మ ఆయనతో మాట్లాడడం మానేసింది. "మీ నాయనకు చెప్పు, కూడు చల్లారిపోతాందని" అనేది, ఆయన ఎదురుగా కూర్చునుండగానే. పెళ్లీడుకొచ్చిన నేను ఇద్దరి మధ్యా తపాలా బంట్రోతునయ్యాను.

ఒకసారి సూళ్లూరుపేట నుంచి పులికాట్ ఒడ్డుకు, పడవ కట్టడానికి ఒక మాను తోలాల్సి వచ్చింది. తోక పట్టే మనిషి జ్వరంతో పడుకున్నాడు. వెనక చక్రాలకు బిగించిన కర్రను మలుపుల్లో తోస్తూ, మాను కొసను దారికి తేవడం అతని పని. పుట్టింట్లో తండ్రి వెంట ఆ పని చేసిన అమ్మ, "నేను పడతానని చెప్పు" అంది. బండిలో తన ట్రంకుపెట్టె కూడా పెట్టించింది. మేం పోయే ఒడ్డునే ఆమె పుట్టిల్లు. "నేనింక తిరిగి రాను మే" అని నాతో మెల్లగా అంది. నాకు ఏడుపొచ్చింది.

నన్ను మాను నడుమ కూర్చోబెట్టారు. ముందెక్కడో నాయన, వెనకెక్కడో అమ్మ. మాను ఊగుతుంటే కళ్లు మూతలు పడేవి. వరిచేలూ తాటిచెట్లూ తెల్లటి ఆకాశమూ మెల్లగా వెనక్కి జారిపోతుంటే, మేం మటుకు ఉన్నచోటే ఉన్నట్టుండేది. వెనక నుంచి "ఎడమకు పట్టమను" అని వినిపిస్తే, ఆ మత్తులోనే ముందుకు అందించేదాన్ని. గాలిలో ఉప్పువాసన మొదలైంది. ఒడ్డు ఎప్పటికీ రాకపోతే బాగుండునని దిగులుగా అనుకున్నాను.

ఒడ్డు దగ్గరి ఊళ్లో దారి కుడికి తిరుగుతుంది. ఎద్దులు కుడికి తిరిగితే మాను కొస ఎడమకు విసురుగా పోతుంది. ఎడమ పక్క గుడిసె ముందు ఒకావిడ పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, చంటిబిడ్డకు నీళ్లు పోస్తోంది. నేను నోరు తెరిచేలోగా అమ్మ అరిచింది.

"ఏమయ్యా, ఆపు!"

ఎద్దులు నిలబడిపోయాయి. మాను కొస ఆవిడ భుజం పక్కనే ఆగింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు ముందు నుంచి నాయన గొంతు వినిపించింది.

"ఎంతుంది?"

"జానెడు. వెనక్కి పట్టు. నిదానం... ఇంకొంచెం."

మలుపు దాటేదాకా వాళ్లే మాట్లాడుకున్నారు. నేను మాను మీద ఉత్తినే కూర్చున్నాను. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఒడ్డున మాను దింపాక నాయనే ట్రంకుపెట్టె మోసుకెళ్లి, అమ్మ పుట్టింటి గుమ్మంలో పెట్టాడు. నావైపు చూస్తూ, "మీ అమ్మకు చెప్పు, అడక్కుండా ఆవును ఇచ్చెయ్యడం నా తప్పేనని" అన్నాడు.

"నాకేం చెవుడా?" అంది అమ్మ. లోపలికెళ్లిపోయింది.

నాయన విడి చక్రాలను బండి వెనక కట్టుకుని, చాలాసేపు ఎద్దుల మెడలు నిమురుతూ నిలబడ్డాడు. ఆఖరికి నన్నెక్కమన్నాడు. ఇంతలో అమ్మ ట్రంకుపెట్టె చంకనబెట్టుకుని వచ్చి, బండి వెనక ఎక్కి, ఆ చక్రాల వైపు తిరిగి కూర్చుంది.

"మీ నాయనకు చెప్పు, ఎక్కినానని."

నేను చెప్పకముందే బండి కదిలింది.