ప్రెస్ భాయ్‌గారు ఖాళీగా ఉంచిన చోటు

మా వీధి చివర పెళ్లి కార్డులు అచ్చువేసే ప్రెస్ భాయ్‌గారు పోయారని పోయిన శుక్రవారం పొద్దున పాలకొట్టు దగ్గర తెలిసింది. నమాజుకు లేచి, ఛాతీలో మంటగా ఉందని మంచం మీద కూర్చున్నారట. అంతే. నేను పాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. ఆయనకు ఇవ్వాల్సింది ఒకటి ఆరేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఆయన నాకు గురువంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. నేను ఇంజినీరింగ్ చదివి గన్నవరం వైపు ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాను. ఆయన చదివింది పదో తరగతి. మా అక్క పెళ్లి కార్డు ప్రూఫు చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆయన మౌస్ ముట్టుకోకుండా పని చేసుకుపోతుంటే అలాగే నిలబడి చూశాను. టైపు చేసే ఎడిటర్‌ని తనకు కావాల్సినట్టు మలుచుకున్నారు. ఒక కీ నొక్కితే నిఖా కార్డు నమూనా, ఇంకోటి నొక్కితే చర్చి పెళ్లిది, మరొకటి నొక్కితే ముహూర్తంతో సహా హిందువులది. ఆ కమాండ్లన్నీ ఆయన రాసుకున్నవే.

"ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అమ్మా. మూత తీసి లోపల చూడనిస్తారు, మార్చుకోనిస్తారు. ఇంతకంటే మర్యాద ఏం కావాలి?" అన్నారు.

అప్పటినుంచి ఆదివారం చర్చి అయ్యాక అక్కడికే వెళ్లేదాన్ని. రెండు టీలు తెప్పించి, తన టీ చల్లారిపోయినా చెబుతూనే ఉండేవారు.

పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఇప్పటి ఫోన్లలో కనబడేలా మార్చే ప్రోగ్రాము ఒకటి ఆయన రాశారు. దానికోసం ప్రెస్సులవాళ్లు పెన్‌డ్రైవ్‌లు పట్టుకుని వచ్చేవారు. ఎదురుగా పెళ్లి కార్డులే వేసే షాపతనూ వచ్చాడు.

"ఆయనకెందుకిచ్చారండీ? మీ బేరాలు పోవూ?" అని అడిగాను.

"వాడి కార్డులో తప్పు పడితే పాడయ్యేది పెళ్లికూతురి పేరు కదమ్మా" అన్నారు.

ఎవరికిచ్చినా చివర ఒకే మాట: "బాగుచేస్తే ఒక కాపీ నాకు పంపండి."

ఆ ప్రోగ్రాము కొన్ని ఒత్తుల దగ్గర తడబడేది. ఆరేళ్ల కిందట నేను ఇంటికి తీసుకెళ్లి, రెండు ఆదివారాలు కూర్చుని సరిచేశాను. ఆయనకు చెప్పాను కూడా. ఇవ్వలేదు. రాసింది గజిబిజిగా ఉంది, కాస్త శుభ్రం చేసి ఇద్దామనుకున్నాను. మా వృత్తిలో ఇదొక రోగం. పనిచేసే ప్రోగ్రామును కూడా పదిమందికి చూపించడానికి సిగ్గుపడతాం.

"నా చొక్కా తిరగేసి చూపించాగా నీకు. కుట్లు చూసి నవ్వావా?" అని ఒకే ఒక్కసారి అన్నారు. మళ్లీ అడగలేదు. నేను వెళ్లినప్పుడల్లా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెర దగ్గరికి వంగి, తప్పిపోయిన ఒత్తులు చేత్తో దిద్దుకుంటూ కనిపించేవారు. అది చూస్తూ కూడా వచ్చే వారం తెస్తాలెమ్మనుకునేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మూడో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "అక్కా, రెండు ఆర్డర్లు మధ్యలో ఆగిపోయాయి. నాన్నగారి కీలేవీ నాకు అర్థం కావట్లేదు. ఒకసారి వస్తారా?"

ఆదివారమే. వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చోబుద్ధి కాక, దాన్ని పక్కకు జరిపి స్టూలు లాక్కున్నాను. ఎడిటర్‌కు ఆయన రాసుకున్నవన్నీ ఉన్న ఫైలు తెరిచాను. ప్రతి కమాండు పైనా ఒక తెలుగు వాక్యం. "ఇది ఇబ్రహీంపట్నం కరెంటు ఇంజినీరు గారు నేర్పింది." "ఈ నాలుగు లైన్లు ఎదురు షాపతనివి." కిందికి వెళ్తే ఆ ఫాంట్లు మార్చే ప్రోగ్రాము. అందులో ఒత్తుల దగ్గర ఇలా ఉంది: "ఇది అమ్మాయి సరిచేసింది. శుభ్రం చేస్తోంది. రాగానే ఇక్కడ పెట్టాలి." దాని కింద ఖాళీ లైన్లు వదిలారు.

ఏడుపు ఆపుకోలేకపోయాను. వాళ్లబ్బాయి మంచినీళ్లు తెచ్చి పెట్టి పక్కకు వెళ్లాడు.

వెంట తెచ్చుకున్న పెన్‌డ్రైవ్‌లోని గజిబిజిని గజిబిజిగానే ఆ చోట పెట్టాను. ఆగిపోయిన కార్డు మీద నడిపి చూస్తే ఒత్తులన్నీ సరిగ్గా వచ్చాయి.

ఈలోగా ఎదురు షాపతను గుమ్మం దగ్గరికొచ్చి తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. "ఒత్తులు సరిగ్గా వస్తున్నాయా అమ్మా? మాకూ ఒక కాపీ ఇస్తారా?"

అతని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి చేతికిచ్చాను. "బాగుచేస్తే ఒక కాపీ భాయ్‌గారికి పంపండి" అనేశాను. అన్నాకగానీ తెలియలేదు, ఏమన్నానో.

అతను పక్కకు జరిపిన కుర్చీ వైపు చూశాడు. "అలాగేనండి, పంపుతాను" అని పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకున్నాడు.