పండుగ పోయాక ఇచ్చిన వాయినం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫోను మోగిందంటే ప్లాటు బేరమే. ఇబ్రహీంపట్నం చుట్టూ భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజులవి. శేరిగూడ దిక్కున్న మా చేను కూడా వెంచరైంది. రోడ్లు వేయడానికి, ప్రహరీ కట్టడానికి పాలమూరు నుంచి కూలీలు వచ్చి మా ఇంటి వెనకే గుడిసెలు వేసుకున్నారు. బాపు సంతోషంలో ఉన్నాడు. మా నాయనమ్మ మాత్రం కాలు కాలిన పిల్లిలా ఇంటి ముందుకీ వెనక్కీ తిరిగేది.

ఆమె ఫికరంతా ఒక గుడిసెలోని పాప గురించి. నాలుగేళ్లు నిండినా నడిచేది కాదు. చేతులు పుల్లలు, పొట్ట ముందుకు, జుట్టు ఎర్రబారి ఉండేది. ముఖం మీద ఈగ వాలినా తోలుకునేది కాదు. తండ్రి చనిపోయాడు. తల్లి పొద్దున్నే ఇంత గంజి తాగించి, పాపను ఇసుక కుప్ప పక్కన కూర్చోబెట్టి తట్ట మోయడానికి పోయేది.

నాయనమ్మ ఉండబట్టలేక ఒకరోజు నాతో గిన్నెడు పాలన్నం పంపింది. తల్లి దాన్ని ముట్టనైనా ముట్టలేదు. కష్టం చేసుకుని బతికేటోళ్లం, అడుక్కునేటోళ్లం కాదని చెప్పి పంపింది. నాయనమ్మకు కోపం రాలేదు, భయం వేసింది. ఈ పిల్ల చలికాలం దాటదని ఆమె మా అమ్మతో అంటుంటే విని, ఆ రాత్రి నాకూ అన్నం సయించలేదు.

అప్పటికి బతుకమ్మ పండుగ వెళ్లిపోయింది. అయినా నాయనమ్మ మళ్లీ పల్లీలు, నువ్వులు వేయించి, బెల్లం వేసి సత్తుపిండి దంచింది. బతుకమ్మ చివరి రోజైన సద్దులనాడు చెరువుకట్ట మీద మా ఆడవాళ్లు దాన్నే వాయినంగా ఇచ్చిపుచ్చుకుంటారు. వాయినం వద్దనేవాళ్లు మా దిక్కు పుట్టలేదు. అయితే అది ముత్తైదువల వ్యవహారం. మా తాతయ్య లేడు కనుక నాయనమ్మ ఇవ్వకూడదు, ఆ తల్లి పుచ్చుకోకూడదు. చిన్నపిల్లలకు ఏ పట్టింపూ లేదు కదా, అందుకని నన్ను ముందుకు తోసింది. నా మనవరాలికి మొక్కుంది, చిన్న పిల్లకు రోజూ వాయినం ఇయ్యాలె, పుచ్చుకున్న పిల్ల అక్కడే కూర్చుని తినాలె, మూట కట్టొద్దు అని తల్లికి చెప్పింది. మొక్కు అబద్ధం, ఆ చివరి నియమం కూడా నాయనమ్మ సొంత కల్పనే. గుడిసెలోకి పోతే రేపటికని దాచిపెడతారని ఆమె అనుమానం.

తల్లి చాలాసేపు నాయనమ్మ ముఖంలోకి చూసి, సరేనంది.

ఇక నాకు కుదురు లేదు. బడి నుంచి రాగానే పిండిలో పాలు పోసి కలిపి, “ఇస్తినమ్మ వాయినం” అనాలి. పాపకు మాటలు రావు కనుక “పుచ్చుకుంటినమ్మ వాయినం” కూడా నేనే అనాలి. మొదట్లో సగం ముద్ద బయటికే వచ్చేది. అవతల పిల్లలు ఆడుతుంటే నా కాళ్లు గుంజేవి. నాయనమ్మ తలుపు సందులోంచి మింగిందా అని సైగ చేసేది. మింగేదాకా ఇద్దరికీ ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. ఎండలు ముదిరేనాటికి పాప గోడ పట్టుకుని మా గడప దాకా నడిచి వచ్చి, నేను పిలవకముందే చెయ్యి చాచింది. నాయనమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

ప్రహరీ పని అయిపోయింది. పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఇంకో పని దొరికిందని మేస్త్రీ అందరినీ లారీ ఎక్కించాడు. ఎక్కేముందు ఆ తల్లి వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది.

“పండుగ పోయినంక వాయినమేందో నాకెర్క లేదా, పెద్దమ్మా? నువ్వు నా ఇజ్జత్ కాపాడినవ్. గందుకే నా బిడ్డను తిననిచ్చిన.”

నాయనమ్మ మిగిలిన సత్తుపిండంతా మూటగట్టి ఆమె చేతిలో పెట్టింది. లారీ సాగర్ రోడ్డెక్కింది. ఆ పూట నాయనమ్మ కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచింది.

“గా మూట ఒడిసినంక ఎవరిస్తరే?” అని నన్నడిగింది.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఎక్కడ కొత్త అపార్టుమెంటు లేస్తున్నా నా కళ్లు ముందు పని దగ్గరి పిల్లల కోసమే వెతుకుతాయి. కనబడితే బండి ఆపి దిగుతాను. దిగాక, ఆ పిల్ల తల్లికి ఏం సాకు చెబితే ఆమె తల దించుకోకుండా పుచ్చుకుంటుందో ఆలోచిస్తూ, కాసేపు అక్కడే అటూ ఇటూ తిరుగుతాను.