ఆరడుగులు కనిపిస్తే ఎనిమిది

నరసరావుపేటలో మా ఫోటో స్టూడియో. ఫోటో తీసేటప్పుడు నేను రెండు కళ్ళూ తెరిచే ఉంచుతాను. ఫిఫ్టీ ఎమ్మెమ్ లెన్స్ వేస్తే వ్యూఫైండర్‌లో మనిషీ, బయట మనిషీ ఇంచుమించు ఒకే సైజు. రెండు బొమ్మలూ కలిసిపోతాయి. ఎనభైల్లో ఒక ఎండాకాలం, పాస్‌పోర్టు సైజు ఫోటో తీస్తుంటే వ్యూఫైండర్‌లో చూసే కుడికంటి బొమ్మ మీద పాలు ఒలికినట్టు మసక. లెన్సుకు ఫంగస్ పట్టిందని తేల్చేశాను. ఇరవై ఏళ్ళ అనుభవం మరి! కంటిమీద అనుమానమే రాలేదు.

కెమెరా మెకానిక్ ఖాదర్ భాయ్ దాన్ని మూడుసార్లు విప్పి తుడిచాడు. మూడోసారి విసుక్కున్నాడు.

"ఏంది శేషయ్యా, లెన్స్ తళతళలాడతా ఉంది. ఫంగస్ నీ కంట్లో ఉంది. గుంటూరు పో!"

వారం రోజులు అతనితో మాట్లాడలేదు. తర్వాత గుంటూరే వెళ్ళాను.

"కాటరాక్ట్. అంటే శుక్లం. ఇంకా మెచ్యూర్ కాలేదు, ఆగండి" అన్నారు కంటి డాక్టరుగారు. ఆగాను. ఈలోగా ఎడమకన్నూ మసకబారింది. ఏడాదికి కుడికంటికి ఆపరేషన్ చేశారు. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి కదలొద్దన్నారు. దగ్గొస్తుందేమోనని చచ్చేంత భయం.

నెలన్నరకు ప్లస్ టెన్ కళ్ళజోడు ఇచ్చారు. మా ఆవిడ సుబ్బులు మొహం స్పష్టంగా కనిపించింది. ఏడ్చేశాను. కానీ మొహం ఇంత పెద్దదేమిటి! ఇంటికొచ్చి నీళ్ళు తాగి గ్లాసు బల్లమీద పెడితే కింద పడి పగిలింది.

"ఏందయ్యా, బల్ల ఆడుంటే గాల్లో పెడతావు?" అంది సుబ్బులు.

"కంట్లో లెన్స్ తీసేశాం. ఇప్పుడు మీ లెన్స్ కళ్ళజోడే. అన్నీ పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. అడ్జస్ట్ అవ్వాలి" అన్నారు డాక్టరుగారు, మళ్ళీ వెళ్ళి అడిగితే. పెళ్ళిళ్ళలో ఫ్లాష్ లెక్కంతా దూరాన్నిబట్టే. దూరం తెలియనివాడికి కెమెరా ఎందుకు? స్టూడియో మూసి ఇంట్లో పడుకున్నాను.

ఒకరోజు డాక్టరుగారి మాటే బుర్రలో తిరుగుతుంటే లేచి కూర్చున్నాను. పెద్దగా, దగ్గరగా... పొడుగు లెన్స్ వేసినా అంతే కదా! ఇన్నాళ్ళూ నా కన్ను ఫిఫ్టీ, ఇప్పుడు కాస్త పొడుగైంది. లెన్స్ మారితే ఫోటోగ్రాఫర్ ఏడుస్తాడా?

సుబ్బుల్ని నిలబెట్టి, దూరం కంటితో చెప్పి టేపుతో కొలిచాను. మూడడుగులు అనిపిస్తే నాలుగు. ఆరు అనిపిస్తే ఎనిమిది. ఎన్నిసార్లు కొలిచినా అదే లెక్క. ఓహో, దొరికావురా అనుకుని స్టూడియో మళ్ళీ తెరిచాను.

నా కళ్ళజోడు చూసి బొల్లాపల్లి పెళ్ళివారు జంకితే ఖాదర్ భాయ్ పూచీపడ్డాడు. "ఫోటోలు చెడితే నా గడ్డం తీసేస్తా" అన్నాడు. తాళి రెండోసారి కట్టమనలేం. కంటికి ఆరడుగులు కనిపించింది. "ఎనిమిది" అని పైకే అని, ఫ్లాష్ లెక్క దానికే పెట్టి నొక్కాను.

నెగెటివ్ ఆరగానే ఖాదర్ భాయ్ భూతద్దం పెట్టాడు. ఎంతకీ తల ఎత్తడే!

"ఒరేయ్ శేషయ్యా, ముడి పోగులు కూడా కనపడతన్నాయిరా!"

"నీ గడ్డం మిగిలింది భాయ్" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం, కళ్ళు తుడుచుకున్నాం.

తర్వాత ఎడమకంటికీ ఆపరేషన్ అయింది. ఇప్పుడు మళ్ళీ రెండు కళ్ళూ తెరిచే ఫోటోలు తీస్తున్నాను. కొత్తగా కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకు ఒక్కమాట. గ్లాసు పెట్టేముందు రెండో చేత్తో బల్ల అంచు తాకండి. మా ఇంట్లో ఆ తర్వాత ఒక్క గ్లాసే పగిలింది. అది సుబ్బులు పగలగొట్టింది!