వెళ్ళొస్తామన్నందుకు

విమానం తప్పిపోవడం ఎవరికైనా జరుగుతుంది. ఎక్కవలసిన విమానాన్ని వదిలేసి, వచ్చినదారినే ఇంటికి పోయే విమానం కోసం బుద్ధిగా వరసలో నిలబడడం మాత్రం మా మేనత్తకీ నాకే చెల్లింది. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అంతా విని "తప్పు నీదే" అనేవాళ్ళుంటే ఇక్కడే ఆగిపోండి. ఆ మాట మా ఇంట్లోవాళ్ళ దగ్గరే ఒప్పుకోలేదు, మీ దగ్గర ఒప్పుకుంటానా?

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నరసాపురం దగ్గర మా ఊళ్ళో ఆడవాళ్ళంతా లేసు అల్లుతారు. మా అత్త సుగుణమ్మ వాళ్ళందరికీ పెద్ద. జర్మనీలో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారనీ, మా ఊరి సంఘానికి ఒక స్టాలు ఇస్తున్నారనీ కబురొచ్చింది. అత్త అక్కడ కూర్చుని లేసు అల్లి చూపించాలి, నేను పక్కన నిలబడి ఇంగ్లీషులో వివరించాలి. నేనప్పుడు పాలకొల్లులో ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. జిల్లాలో నా అంత ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం. అది ఇప్పటికీ పెద్దగా సడలలేదు.

ప్రదర్శన వాళ్ళు ఒకే షరతు పెట్టారు. మొదటిరోజు తలుపులు తెరిచే వేళకి స్టాలులో మనిషి లేకపోతే దాన్ని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. ఊరి ఆడవాళ్ళు ఏడాదంతా చేతులు కాయలు కాసేలా అల్లిన దుప్పట్లూ, టేబుల్ గుడ్డలూ అన్నీ అత్త చేతిసంచిలో ఉన్నాయి. ఆ సంచిని ఆవిడ సామాన్లలో వెయ్యనివ్వలేదు. విమానంలో ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

బొంబాయిలో ఎక్కి, గల్ఫులో ఒక పెద్ద విమానాశ్రయంలో దిగి, అక్కడ జర్మనీ విమానం ఎక్కాలి. ఆ విమానాశ్రయం పేరు చెప్పను, దానికంత మర్యాద అక్కర్లేదు. నిడదవోలులో రైలు మారడం లాంటిదే అని అత్తకి ముందే ధైర్యం చెప్పాను. నిడదవోలులో అయితే వంతెన ఎక్కి అవతలి ఫ్లాట్‌ఫారం మీద దిగుతాం. ఇక్కడ మనం నిలబడి ఉంటే వంతెనే నడుస్తోంది. అత్త దాని మీద కాలు పెట్టనంది. పక్కన మామూలు నేల మీద సంచి మోసుకుంటూ నడిచింది, నడుస్తున్న వంతెన మీద దర్జాగా నిలబడిన నాకంటే ముందే అవతలికి చేరింది. ఇక బాణాల సంగతి చెప్పనే అక్కర్లేదు. మేం వెళ్ళవలసిన టెర్మినల్‌కి ఒక బాణం కుడివైపు పొమ్మంది, కాస్త ముందుకు వెళ్ళాక ఇంకో బాణం మేం వచ్చినవైపే పొమ్మంది. వాటిలో వాటికే పడనప్పుడు మధ్యలో నేనేం చెయ్యను?

ఎలాగో విమానం మారేవాళ్ళ కౌంటరు దొరికింది. అప్పట్లో టికెట్ అంటే చిన్న పుస్తకం. వెళ్ళే కాగితం, తిరిగొచ్చే కాగితం ఒకే అట్టలో ఉండేవి. మా తిరుగు ప్రయాణానికి తేదీ వేయలేదు, వీలైనరోజు రావచ్చన్నారు. కౌంటర్లో అమ్మాయి పుస్తకం అటూ ఇటూ తిప్పి, వెళ్తున్నారా, వస్తున్నారా అని ఇంగ్లీషులో అడిగింది. వెళ్తున్నామని చెప్పడానికి నోరు తెరిచాను. అత్త నా మోచెయ్యి గిల్లింది.

"ఏమంటందే?"

"వెళ్తున్నామా అని అడుగుతోందత్తా."

"వెళ్తున్నాం అని ఊరుకోకు. మంచిపని మీద బయల్దేరి అవేం మాటలు? వెళ్ళొస్తాం అని చెప్పు."

ఇదిగో, ఇక్కడే మీరు నన్ను తప్పు పట్టబోతున్నారు. ఆగండి. మీరైతే గడప దాటేటప్పుడు ఉత్త "వెళ్తున్నాను" అని ఊరుకుంటారా? మీ అమ్మగారు ఊరుకోనిస్తారా? నేను పెద్దదాని మాట తీసెయ్యలేదు, అంతే. ఉన్నదున్నట్టు ఇంగ్లీషు చేసి, "గోయింగ్ అండ్ కమింగ్" అన్నాను.

ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు నేను కూడా మళ్ళీ నిదానంగా, స్పష్టంగా, అదే చెప్పాను. ఆ అమ్మాయి పుస్తకంలో ఇంకో కాగితం తిప్పి, "కమింగ్?" అంది. మిషన్ బడిలో చదువుకున్న అత్తకి ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసు. "కమింగ్, కమింగ్" అని తల ఊపింది, సంచి కూడా ఊగేలా. ఆ అమ్మాయి పుస్తకాల్లోంచి చెరో కాగితం చించుకుని, బోర్డింగ్ కార్డులు చేతిలో పెట్టింది. ఊరి పేరు చూసుకోలేదా అంటారేమో. గేటు నంబరు చూశాను. వెనక వరస తోసేస్తుంటే ఇంకేం చదువుతాం?

ఆ గేటు ఇంకో టెర్మినల్లో ఉంది. అక్కడికి డ్రైవరు లేని రైల్లో వెళ్ళాలి. డ్రైవరు లేడని తెలిశాక అత్త కళ్ళు మూసుకుని దారంతా ప్రార్థన చేసింది. గేటు దగ్గర కళ్ళు తెరిచేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఎటు చూసినా మనవాళ్ళే. తాళ్ళు కట్టిన అట్టపెట్టెలూ, దుప్పట్ల మూటలూ, నోరారా మాటలూ. జర్మనీకి ఇంతమంది తెలుగువాళ్ళు వెళ్తున్నారని తెలిసి నాకూ గర్వంగా అనిపించింది. అత్త వెళ్ళి రాజోలు నుంచి వచ్చిన ఒకాయన పక్కన కూర్చుంది. ఆయన గల్ఫులోనే ఏదో కంపెనీలో డ్రైవరు. కాసేపట్లో వరస కట్టారు, మేమూ ఆయన వెనకే నిలబడ్డాం.

"సెలవుకి వెళ్తన్నారాండి?" అని అడిగాడాయన.

"సెలవేంటి బాబూ, జర్మనీలో లేసు అల్లాలి" అంది అత్త.

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇది బొంబాయి విమానం కదండి" అన్నాడు.

ఏడాది కష్టం, ఊరందరి ఆశ, నా ఎమ్మే ఇంగ్లీషు, అన్నీ కలిసి ఆ వరసలో నిలబడి ఇంటికి పోతున్నాయి. అత్త చెయ్యి పట్టుకుని పరుగు తీశాను. మళ్ళీ డ్రైవరు లేని రైలు, మళ్ళీ ఆ తగువులమారి బాణాలు, మళ్ళీ అదే కౌంటరు. వస్తున్నామని మీరే చెప్పారు కదా అంది ఆ అమ్మాయి. వెళ్ళి వస్తామని చెప్పామన్నాను. రెండూ ఒకేరోజు కుదరవంది. ఇంటినుంచి కదిలే మనిషి తిరిగొచ్చే మాట కూడా కలిపి చెప్పకపోతే అది మా భాషలో మాటే కాదని ఆవిడకి పాఠం చెప్పాను. ఆవిడ వినలేదు. చించిన కాగితాలకి పిన్ను కొట్టి, వేరే కార్డులిచ్చి, పరిగెత్తమంది. నేను సారీ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. లెక్క సరిపోయింది.

జర్మనీ విమానం గేటు దగ్గరికి చేరేసరికి ఒకాయన తలుపు మూసేస్తున్నాడు. మీరు వెళ్తున్నారా లేదా అని గట్టిగా అడిగాడు. నాకు ఊపిరి అందడం లేదు. వెళ్తున్నాం, వెళ్తున్నాం, ఉత్త వెళ్తున్నాం అని ఇంగ్లీషులో మొత్తుకుని కార్డులు చాచాను. వెనక్కి చూస్తే అత్త సంచిని గుండెకి హత్తుకుని ఆగిపోయింది.

"గోయింగ్ అన్నావు. రెండోది అనలేదు."

"అత్తా, నీకు దణ్ణం పెడతాను. తలుపేసేస్తున్నాడు. స్టాలు పోతుంది."

"ఊళ్ళో అందరి కష్టం నా చేతుల్లో ఉందే. దీన్ని పట్టుకుని ఉత్త వెళ్తున్నాం అంటే నేనెక్కను."

నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆవిడని మోసుకెళ్ళలేను, వదిలి వెళ్ళలేను. ఆ గేటు మనిషికి మా గొడవ ఏం అర్థమైందో ఏమో, విసుగ్గా తలుపు బార్లా తెరిచి, అత్తవైపు చెయ్యి ఊపుతూ, "కమ్, కమ్, కమ్" అన్నాడు.

అత్త మొహం వెలిగిపోయింది.

"విన్నావా? రమ్మంటన్నాడు. పొమ్మనట్లేదు" అని, నన్ను దాటుకుని లోపలికి నడిచింది.

స్టాలు మాకే దక్కింది. ఆవేళ విమానంలో నడుముకి బెల్టు బిగించుకుంటూ, అత్త సాక్షిగా, ఆ సంచి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. నా ఒంట్లో ప్రాణం ఉండగా ఏ దేశంలో, ఏ టెర్మినల్లో, ఎంతటివాళ్ళు అడిగినా సరే, "వెళ్ళొస్తాం" అన్న మాటని మళ్ళీ ఇంగ్లీషులో చెప్పను. తెలుగులోనే చెబుతాను. అర్థం కాకపోతే వాళ్ళే నేర్చుకుంటారు.