ఫోనమ్మ హాస్టల్లో ఓ ఆదివారం

ఆవిడ అసలు పేరు హాస్టల్లో ఎవరికీ పట్టదు. వెనకాల అందరూ ఫోనమ్మ అంటారు. తాగి దొరికిన పిల్ల చేతికి ఫోనిచ్చి, "మీ అమ్మతో నువ్వే చెప్పు" అని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది మరి. ఎంత గడుసు పిల్లయినా అక్కడ నీరుగారిపోవాల్సిందే. ఇప్పుడు తన హాస్టల్లో చుక్క ముట్టేవాళ్లే లేరని ఈ వార్డెనమ్మకి లోలోపల గర్వం. లేకేం, దొరికేవాళ్లు లేరు, అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలకి మూలగది ఆడపిల్లలు ముగ్గురిలో ఒక్కరూ దిగలేదు. ఆవిడ పైకెళ్లి తలుపు కొట్టింది. లోపల గుసగుసలు. తలుపు బెత్తెడు తెరుచుకోగానే సెంటు వాసన గుప్పుమంది.

"దానికి తలనొప్పి మేడమ్, పడుకుంది," అంది పొడుగుపిల్ల, సందులో అడ్డంగా నిలబడి.

"తప్పుకో."

మంచం మీద చిన్నది వెల్లకిలా పడి ఉంది. ముగ్గురిలో అదే నెమ్మదస్తురాలు. పిలిస్తే పలకలేదు. కుదిపితే తల ఓ పక్కకి వాలిపోయింది. నోట్లోంచి మందు వాసన, పెదాలు నల్లబడ్డాయి. ఒక ఊపిరి వచ్చాక రెండోది వస్తుందో రాదో అన్నట్టుంది. వార్డెనమ్మ గబుక్కున దాన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఫోను తీసి అంబులెన్సుకి చెప్పింది.

"ఎంత తాగిందే?"

"సగం సీసా మేడమ్," పొడుగుపిల్లకి ఏడుపు తన్నుకొచ్చింది. "మా ఇంట్లో భోజనాల దగ్గర నాన్నే పోస్తారు. కబుర్లు చెప్పుకుంటూ కాస్త కాస్త తాగుతాం. ఇది టానిక్‌లా ముక్కు మూసుకుని గటగటా తాగేసింది. ఎలా తాగుతారో దానికేం తెలుసు? పడుకుంటే అదే దిగిపోతుందనుకున్నా."

కళ్లజోడుపిల్ల గోడకి అంటుకుపోయి ఉంది. "మా ఇంట్లో ఆ మాటెత్తడమే పాపం మేడమ్. వాసన బయటికి పోకూడదని సెంటు నేనే కొట్టా."

"ఇంతసేపూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరు వాళ్లమ్మకి ఫోన్ చేయిస్తారని."

ఆవిడ వెళ్లి కిటికీ తలుపులు బార్లా తెరిచింది.

అంబులెన్సులో దారి పొడుగునా ఆ చల్లటి చెయ్యి వదల్లేదు. "ఊపిరి తియ్యవే తల్లీ, నిన్నేమీ అనను" అంటూనే ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదన్నాడు డాక్టరు.

సాయంత్రానికి చిన్నది కళ్లు తెరిచింది. ఎక్కడున్నానని అడగలేదు.

"అమ్మకి చెప్పేశారా?"

"చెప్పాను. నువ్వు చెప్పక్కర్లేకుండా నేనే చెప్పాను. బయల్దేరింది."

పిల్ల మొహం గోడవైపు తిప్పేసుకుంది. దుప్పటి కింద భుజాలు అదురుతున్నాయి. మంచానికి ఎదురుగా ఉన్న కుర్చీని వార్డెనమ్మ ఈడ్చుకొచ్చి, తలగడ పక్కన వేసుకుని కూర్చుంది.

చిన్నది గోడవైపు నుంచే అడిగింది. "ఏమంది మేడమ్?"

"ఊపిరి ఆడుతోందా అని అడిగింది. ఇంకేమీ అడగలేదే."